వయసెంత?

గత నెలలో ఒక ఆదివారం ఉదయం మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక కబురు వచ్చింది. మూడేళ్ళ క్రితం వరకూ మా గేటు దగ్గర వాచ్‌మన్‌గా పనిచేసి సొంత ఊరికి వెళ్ళిపోయిన పెద్దాయన పోయారని, ఆయన కొడుకు మా సంఘం కార్యదర్శికి ఫోను చేశాడట. ఆ కబురు కింద కనిపించిన మొట్టమొదటి ప్రశ్న “వయసెంత?” అన్నది. కార్యదర్శి పాత ఫైల్లోని ఆధార్ కాపీ తీసి చూశారు కాబోలు, కాసేపటికి “62” అని జవాబు పెట్టారు. ఆ వెంటనే “అయ్యో, అంతేనా”, “చిన్న వయసే పాపం” వంటి మాటలు, చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. నేను వేరే అంకె ఒకటి టైపు చేశాను. పంపబోయి, ఆగి, తుడిచేశాను. ఎందుకు తుడిచేశానో నాకు నేను తేల్చుకోవడానికి రాస్తున్నాను ఇది. అందుకోసం కోవిడ్ నాటి 2020 వేసవి దగ్గరికి వెళ్ళక తప్పదు.

ముందుగా నా సంగతి ఒకటి చెప్పాలి. ముప్పై నాలుగేళ్ళు ఒక జీవిత బీమా కార్యాలయంలో పనిచేసి 2014 జూన్ 30న పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. ఎదురుగా కూర్చున్న మనిషిని వయసెంత అని అడగడమే నా వృత్తి. పాలసీకి దరఖాస్తు చేసే ప్రపోజల్ ఫారం చేతికి రాగానే పేరు తర్వాత నా కన్ను పుట్టిన తేదీ మీదికే పోయేది. పుట్టినరోజు దాటి ఆరు నెలలు గడిస్తే పై ఏడు వేసుకోవాలి, గడవకపోతే కింది ఏడు. ఆ ఒక్క ఏడు తేడాకు ప్రీమియం మారుతుంది కాబట్టి ఏజెంట్లు నాతో పోట్లాటకు దిగేవారు. వయసును అంకెగా మాత్రమే చూడడం నాకు అలవాటైన పని కనుక, నేను చెప్పబోయే ఫిర్యాదు నా నోట కొంత విడ్డూరంగానే ఉంటుందని నాకు తెలుసు.

చావింట్లో వయసు అడగడం మనకు కొత్త కాదు. మా అమ్మ 88వ ఏట పోయినప్పుడు పరామర్శకు వచ్చిన ప్రతి మనిషీ ఆ ప్రశ్న అడిగారు. జవాబు వినగానే “పండుటాకు నాయనా, మనవలను, మునిమనవలను చూసుకుని వెళ్ళింది” అన్నారు. ఆ మాట నాకు నిజంగానే ఊరటనిచ్చింది. అడిగినవాళ్ళు నేను చెప్పిన అంకెను ఓదార్పుగా మార్చి నా చేతికే తిరిగి ఇచ్చారు. 2020 వేసవిలో అదే ప్రశ్న, అవే మాటలు, కానీ ఊరట మాత్రం అడిగినవాడికే దక్కడం మొదలైంది. నేను పట్టుకున్న విషయమంతా ఈ ఒక్క మార్పే.

శార్వరి

ఆ ఏడాది ఉగాది మార్చి 25న వచ్చింది. అంతకు ముందు రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టీవీలో కనిపించి ఇరవై ఒక్క రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు కాబట్టి, పండుగ పూట వీధుల్లో పురుగు లేదు. పంచాంగ శ్రవణం టీవీలో చూశాం. కొత్త సంవత్సరం పేరు శార్వరి అని, శార్వరి అంటే రాత్రి అని చెప్పారు. మా ఆవిడ పచ్చడి గిన్నె పక్కన పెట్టి, “పేరు పెట్టినవాళ్ళకు ముందే తెలిసినట్టుంది” అన్నది. అరవై పేర్లూ వంతులవారీగా తిరుగుతాయి తప్ప ఎవరూ పెట్టేవి కావని చెప్పబోయి మానుకున్నాను.

అప్పటికే వార్తలు వయసుతో మొదలవుతున్నాయి. దేశంలో నమోదైన తొలి కోవిడ్ మరణం కర్ణాటకలోని కలబురగికి చెందిన 76 ఏళ్ళ వ్యక్తిది. మార్చి 28న తెలంగాణ ప్రకటించిన తొలి మరణం 74 ఏళ్ళ వ్యక్తిది. బులెటిన్‌లో పేరు ఉండదు, ఉండకూడదు కూడా. వయసు ఉంటుంది, దాని పక్కన మధుమేహం, రక్తపోటు ఉంటాయి. ఆ వరసలో చదివితే మనిషిని చంపింది వ్యాధి అన్న సంగతి వెనక్కిపోయి, అంత వయసు వచ్చి ఆ జబ్బులు తెచ్చుకున్నందుకు ఆయనే పోయినట్టు ధ్వనించేది. వార్త చదివే అమ్మాయి ఉద్దేశం అది కాకపోవచ్చు. ఆ వాక్యం వింటున్న ఇళ్ళలో మాత్రం యాభై ఏళ్ళ లోపువాళ్ళందరూ ఒక్క క్షణం కుర్చీలో వెనక్కి వాలారు. మా ఇంట్లో ఆ వయసువాళ్ళు లేరు కాబట్టి ఎవరూ వాలలేదు.

బయటి దేశాల నుంచి వచ్చే కబుర్లు ఇంకా సూటిగా ఉండేవి. ఐసీయూలో పడకలు చాలనప్పుడు ప్రవేశానికి వయోపరిమితి పెట్టవలసి రావచ్చని ఇటలీ మత్తు వైద్యుల సంఘం మార్చి మొదటి వారంలోనే సూచనలు విడుదల చేసింది. మార్చి 23న టెక్సస్ లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్, మనవల కోసం దేశ ఆర్థిక వ్యవస్థ నిలబడాలంటే తనలాంటి తాతలు ముప్పుకు సిద్ధపడతారన్న అర్థం వచ్చేలా టీవీలో మాట్లాడారు. ఆయనకు డెబ్బై నిండడానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టలేను. ఇటలీ డాక్టరు ముందు ఇద్దరు రోగులు, ఒక పడక ఉన్నాయి, ఏదో ఒక లెక్క వేయక ఆయనకు గత్యంతరం లేదు. టెక్సస్ పెద్దమనిషి ముందు ఉన్నది కెమెరా. తన ప్రాణం ఇస్తానంటే ఆయన ఇష్టం, తన వయసువాళ్ళందరి తరఫున మాట ఇవ్వడానికి ఆయనకు వకాల్తా ఎవరిచ్చారు?

ఇంత ధాటీగా ప్రశ్నించేవాణ్ణి, ఏప్రిల్ రెండో వారంలో ఏం చేశానో కూడా రాయాలి. పాత సహోద్యోగి ఒకరు ఫోను చేసి, మాతో పనిచేసిన సీనియరు ఒకాయన కాలం చేశారని చెప్పారు. ఏ కారణంతో పోయారో అప్పటికి తెలియదు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట “ఎంత ఉంటుంది వయసు?” అన్నదే. “డెబ్బై మూడు నడుస్తోంది” అన్నారు. నేను మనసులో తీసివేత చేశాను. ఎనిమిది. గుండెల మీద నుంచి బరువు దించినట్టు అనిపించింది. ఆ పోయినాయన నాకు లెడ్జరు రాయడం నేర్పినవారు, ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటి జీతం అందేదాకా మెస్సులో తన ఖాతా కింద నాకు భోజనం పెట్టించినవారు. అవేవీ ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు, ఎనిమిది ఒక్కటే గుర్తుకు వచ్చింది. అంత్యక్రియలకు ఇరవై మందికి మించి వెళ్ళకూడదన్న నిబంధన ఉండేది. ఆ ఇరవైలో నేను లేకపోవడం కూడా తేలికగానే తోచింది. రాత్రి భోజనం దగ్గర చేయి కడుక్కుంటుండగా మెస్సు సంగతి గుర్తుకొచ్చింది. అప్పటికి ఆయన దహనం అయిపోయి ఉంటుంది.

కాబట్టి ఆ ప్రశ్నను కుర్రవాళ్ళు మా మీద వేసిన అపవాదుగా చెప్పడం నాకు చేతకాదు. అరవై అయిదేళ్ళవాడు డెబ్బై మూడేళ్ళవాడి మీద, డెబ్బై మూడేళ్ళవాడు ఎనభై ఏళ్ళవాడి మీద వేసుకుంటూ పోయాం. ప్రతివాడికీ తన కంటే పై మెట్టు మీద ఒకడు కావలసి వచ్చాడు.

రెండు పుట్టిన తేదీలు

మే 1న లాక్‌డౌన్‌ను మరో రెండు వారాలు పొడిగిస్తూ కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఆదేశంలో 65 ఏళ్ళు దాటినవారు, ఇతర వ్యాధులున్నవారు, గర్భిణులు, పదేళ్ళలోపు పిల్లలు అత్యవసరాలకూ వైద్యానికీ తప్ప ఇంట్లోనే ఉండాలని ఉంది. ఆ రోజు తెల్లవారుజామునే, మియాపూర్‌లోని మా ఇంటికి కొద్ది కిలోమీటర్ల దూరాన ఉన్న లింగంపల్లి స్టేషను నుంచి దాదాపు 1,200 మంది వలస కార్మికులతో దేశంలో మొట్టమొదటి శ్రామిక రైలు జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. ఆ రోజే ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ వృద్ధుల మీద మహమ్మారి ప్రభావం గురించిన పత్రాన్ని విడుదల చేస్తూ, తానూ వృద్ధుడినేనని, తన కంటే పెద్దదైన తల్లి బాధ్యత కూడా తన మీద ఉందని చెప్పారు. మూడు సంగతులనూ మరుసటి రోజు పేపరు చదువుతూ ఒక దాని పక్కన ఒకటి పెట్టుకున్నాను. ఆ రైలు ఎక్కినవాళ్ళ గోడు ముందు నా ఇల్లు కదలలేనితనం ఎంత చిన్నదో తెలియక కాదు. చిన్నదైనా నాది కాబట్టి దాని గురించే చెబుతున్నాను.

నా సర్టిఫికేట్‌లో పుట్టిన తేదీ 1954 జులై 1. నా తరంలో జులై 1న పుట్టినవాళ్ళు అంతమంది ఎందుకున్నారో బళ్ళో చేర్చిన పంతుళ్ళను అడగాలి. మా అమ్మ లెక్క ప్రకారం నేను మన్మథ నామ సంవత్సరం శ్రావణ మాసంలో, అంటే 1955లో పుట్టాను. ఒకటో తరగతికి వయసు చాలడం లేదని పంతులుగారు ఏడాది వెనక్కి జరిపి రాశారు. ఆ ఏడాది వల్ల ఉద్యోగంలోంచి ఏడాది ముందే దిగిపోయాను. ఇప్పుడు దానివల్లనే ఇంట్లో ఉండిపోవలసి వచ్చింది. కాగితం ప్రకారం 65 దాటి పది నెలలు, అమ్మ ప్రకారం ఇంకా 65 నిండనే లేదు. వైరస్ ఏ లెక్క పాటిస్తుందని బెంగళూరులో ఉన్న మా అబ్బాయితో ఫోనులో వాదించాను. “నాన్నా, మీరు జోకులు వేయండి గానీ కిందికి మాత్రం దిగకండి” అన్నాడు. మూడో తరగతిలో వాణ్ణి ఎండలో ఆడవద్దని గదమాయించిన గొంతు నాదే, ఇప్పుడు వాడి నోట వింటున్నాను.

మా ఆవిడకు అప్పటికి 61. ఆదేశం ఆమెకు వర్తించదు. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి మా ఇంట్లో బజారు పని పూర్తిగా ఆమె చేతికి వచ్చింది. కాలనీలోకి రైతుబజారు బండి వచ్చినప్పుడు సంచీ పట్టుకుని ఆమె దిగేది, నేను మూడో అంతస్తు బాల్కనీలో నిలబడేవాణ్ణి. ఆవకాయ కాయలు ఏరడం ఏటా నా పని. ఆ ఏడు ఆమె కింద నుంచి ఒక కాయ ఎత్తి చూపించి “ఏమండీ, ఇది చాలా, ఇంకా ముదురువి అడగనా?” అని కేకేసింది. మూడంతస్తుల ఎత్తు నుంచి మామిడికాయ ముదురో లేతో ఎవడికి తెలుస్తుంది? “టెంక గట్టిపడిందో లేదో కోయించి చూడు” అని నేనూ కేకేశాను. బండివాడు తలెత్తి నన్ను చూసి, “పెద్దమ్మకు తెలుసులే సార్” అన్నాడు. నిజంగానే తెలుసు. ఆ ఏటి ఆవకాయకు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

ఒక రోజు నేను కిటికీ దగ్గర అటూ ఇటూ పచార్లు చేస్తుంటే ఆమె పప్పు రుబ్బుతూ, “ఇంట్లో ఉండిపోవడమంటే ఏమిటో నెలలోనే తెలిసిందన్నమాట” అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. నా స్వేచ్ఛ పోయిందని నేను బాధపడుతున్న సంగతి ఆమెకు దినచర్య.

ఇంకొక మాట పక్కన చెప్పుకోవాలి. ఆ ఆదేశం వచ్చిన నాటికి ప్రధానమంత్రికి 69 ఏళ్ళు, రాష్ట్రపతికి 74, మా ముఖ్యమంత్రికి 66. దేశాన్ని నడపడం అత్యవసరమే, కాదనను. కానీ 65 దాటిన మనిషి పని చేయగలడా లేడా అన్నది ఆ మనిషి చేసే పనిని బట్టి ఉంటుందని ఆదేశం రాసినవాళ్ళకు తమ విషయంలో తెలుసునన్నమాట. మే 30న వచ్చిన తర్వాతి ఆదేశంలో “ఉండాలి” అన్నది పోయి “ఉండవలసిందిగా సూచన” అన్నది వచ్చింది. పేపర్లు ఆ మార్పును పెద్దగా పట్టించుకున్నట్టు లేవు. ఫారాల్లో ఒక్కో మాట చూసి బతికినవాణ్ణి కాబట్టి నా కంటపడింది. మా ఆవిడకు చదివి వినిపించి, ఆ సాయంత్రమే మాస్కు కట్టుకుని కిందికి దిగాను.

సంతకం లేని ఫారం

వయసును బట్టి ముప్పును లెక్కగట్టే పట్టిక తప్పు అని నేను అనడం లేదు. ఏప్రిల్ 18న ఆరోగ్య మంత్రిత్వ శాఖ చెప్పిన లెక్కలో అప్పటిదాకా పోయిన ప్రతి నలుగురిలో ముగ్గురు 60 దాటినవారు. 75 దాటినవారే నూటికి 42 మంది. 2011 జనాభా లెక్కల్లో 60 దాటినవారు నూటికి తొమ్మిది మంది కూడా లేరన్న సంగతిని దాని పక్కన పెట్టి పోల్చి చూస్తే ఆ అంకె ఎంత భయంకరమైనదో బీమా వాడికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇలాంటి ముప్పు ఉన్న ప్రపోజల్ నా బల్ల మీదికి వస్తే నేనే పక్కన పెట్టి ఉండేవాణ్ణి. వయసును బట్టి ప్రాణానికి వెల కట్టడం కూడా ఆ వేసవిలో పుట్టింది కాదు. రోడ్డు ప్రమాద పరిహారం లెక్కకు 2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో ఖరారు చేసిన పట్టికలో 15 నుంచి 25 ఏళ్ళ మృతులకు, ఏడాది సంపాదనను హెచ్చవేసే గుణకం 18, 66 నుంచి 70 ఏళ్ళవారికి 5. ఎవరూ దాన్ని క్రూరమని అనలేదు, నేనూ అనలేదు.

అయినా పట్టికతో పనిచేసినవాడికి రెండు సంగతులు తెలుసు. మొదటిది, పట్టిక లక్షమంది గురించి చెబుతుంది, ఎదురుగా కూర్చున్న ఒక్కడి గురించి ఏమీ చెప్పదు. రెండోది నాకు ముఖ్యం. పట్టిక చూసి ప్రీమియం ఎంతో మేము చెప్పేవాళ్ళం, ఒప్పుకోవడమో మానుకోవడమో ఎదుటివాడు తేల్చుకునేవాడు, ఫారం చివర సంతకం పెట్టేవాడు. సంతకం లేని ప్రపోజల్ ఎంత పెద్ద మొత్తానిదైనా చెత్తబుట్టకే పోయేది. ఆ వేసవిలో మా గురించి మంత్రులు, డాక్టర్లు, టీవీ యాంకర్లు, మా పిల్లలు, మా అపార్ట్‌మెంటు సంఘం అందరూ ఫారాలు నింపారు. సంతకానికి మా దగ్గరికి ఎవరూ రాలేదు. వచ్చి ఉంటే నాలుగింట మూడు వంతుల మందిమి మారు మాట్లాడకుండా పెట్టి ఉండేవాళ్ళమని నా నమ్మకం.

అడగకుండా తీసుకున్న జాగ్రత్తకు ఇంకొక గుణం ఉంది: తాత్కాలికమని చెప్పి తీసింది తిరిగి రాకపోయినా అడిగే దిక్కుండదు. వృద్ధులు ప్రయాణాలు మానుకోవాలని 2020 మార్చి 20 నుంచి రైల్వేలో సీనియర్ సిటిజన్ల రాయితీ ఆపేశారు. అంతవరకూ 60 దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన మహిళలకు 50 శాతం తగ్గేది. రైళ్ళన్నీ మళ్ళీ మామూలుగా తిరగడం మొదలైంది, వృద్ధులూ మామూలుగానే ఎక్కుతున్నారు, రాయితీ మాత్రం తిరిగి పట్టాలెక్కలేదు. అది ఖజానాకు భారమని చెప్పి తీసేస్తే అదొక వాదన, దానికి సమాధానం చెప్పుకోవచ్చు. మా మంచికని తీసినదాన్ని ఏమని వాదించి తెచ్చుకోవాలి?

జూన్ 11న తిరుమలలో భక్తులకు దర్శనాలు తిరిగి మొదలైనప్పుడు కూడా 65 దాటినవారికి ప్రవేశం లేదు. అక్కడ గుమిగూడే జనాన్ని తలచుకుంటే ఆ నిర్ణయంతో నాకు పేచీ లేదు. అదే సమయంలో మహారాష్ట్రలో షూటింగులకు అనుమతి ఇస్తూ 65 దాటిన నటులను రానివ్వకూడదని పెట్టిన నిబంధన మీద 70 ఏళ్ళ నటుడొకరు కోర్టుకు వెళ్ళారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి బయటికి వెళ్ళి సంపాదించుకోకుండా గౌరవంగా ఎలా బతుకుతాడని ఆ విచారణలో న్యాయస్థానమే అడిగింది. ఆగస్టు 7న బొంబాయి హైకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. గుడికి వెళ్ళలేకపోవడం వేరు, కూటికి వెళ్ళలేకపోవడం వేరు. ఈ తేడా నాకు కోర్టు తీర్పు కంటే ముందే, మా గేటు దగ్గర తెలిసింది.

చెప్పకుర్రి సార్

మే నెలలోనే మా సంఘం కూడా ఒక సర్క్యులర్ వేసింది. 65 దాటిన ఫ్లాటు యజమానులు కిందికి రాకూడదు, లిఫ్టు వాడకూడదు, వచ్చే పోయే వాళ్ళందరికీ గేటు దగ్గర జ్వరం చూడాలి. జ్వరం చూసే ఆ తుపాకీలాంటి పరికరం పట్టుకుని రోజుకు వందమంది ముఖాల దగ్గరికి చేయి చాపేది మా వాచ్‌మన్. రాత్రి గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద కూర్చుని, మాస్కు గడ్డం కిందికి లాగి చుట్ట కాల్చుకునేవారు.

మే 30 తర్వాత కిందికి దిగిన సాయంత్రాల్లో ఒక రోజు, దూరంగా నిలబడి, పాత అలవాటు కొద్దీ ఆయన్ను వయసెంత అని అడిగాను. తెలియదన్నారు. పుట్టిన తేదీ లేనివాళ్ళ వయసు రాబట్టడం నా వృత్తిలో ఒక భాగం: ఏ కరువు నాటికి ఎంత ఉన్నావు, ఏ తుఫానుకు పెళ్ళయింది అని అడుగుతూ పోతే దొరుకుతుంది. ఆయన కాసేపు ఆలోచించి, “రజాకార్ల గడబిడల మా అవ్వ నన్ను సంకల ఏసుకొని గుట్టల్లకు ఉరికిందట సార్” అన్నారు. మాది సూర్యాపేట వైపు పల్లె కాబట్టి నాకు ఇంకేమీ అడగనక్కర్లేదు. పోలీసు చర్య 1948 సెప్టెంబరులో. అప్పటికే చంకలో పిల్లవాడంటే 1947 ప్రాంతపు పుట్టుక. నా ముందు 73 ఏళ్ళ మనిషి నిలబడి ఉన్నారు. ఆయన ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరం 1963 అని ఉంది. ఎవరు రాయించారో, ఎందుకు రాశారో ఆయనకూ తెలియదు.

కాగితం నాకు ఏడాది కలిపింది, ఆయనకు పదహారేళ్ళు కోసింది. అందువల్ల 64 ఏళ్ళ నేను మేడ మీద భద్రంగా ఉన్నాను, 73 ఏళ్ళ ఆయన నా భద్రత కోసం గేటు దగ్గర ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 2,016 రూపాయల వృద్ధాప్య పింఛను కూడా ఆయనకు లేదు, అప్పట్లో దానికి 65 నిండాలి. నేను ఆవేశంగా, కార్యదర్శికి ఈ సంగతి చెబుతాను, జీతం ఇస్తూనే ఇంటి దగ్గర ఉంచమంటాను అన్నాను. ఆయన పరికరం జేబులో పెట్టుకుని నాకు రెండు అడుగులు దగ్గరికి వచ్చి, మళ్ళీ దూరం గుర్తుకొచ్చి వెనక్కి జరిగి, “చెప్పకుర్రి సార్, పని పోతది” అన్నారు.

నేను చెప్పలేదు. చెప్పకపోవడం సరైనదేనా అని ఇప్పటికీ రోజుకొక రకంగా అనిపిస్తుంది. సంతకం గురించి ఇందాక నేను చేసిన వాదన ఆయన ముందు నిలబడదు. ముప్పు ఏమిటో ఆయనకు తెలుసు, టీవీ ఆయనా చూశారు, తెలిసి ఒప్పుకున్నారు. నా సిద్ధాంతం ప్రకారం ఫారం మీద సంతకం పడినట్టే. కానీ నెల జీతం ఆగితే పొయ్యి ఆరిపోయే మనిషి పెట్టిన సంతకాన్ని సమ్మతి అని నేను ఏ మొహంతో అనగలను? “మమ్మల్ని అడగండి” అన్న నా డిమాండు పింఛనుదారుల డిమాండు. అడిగినా ఒకే జవాబు చెప్పగలిగినవాళ్ళకు దానివల్ల ఒరిగేది లేదు. ఈ ముడి నేను విప్పలేకపోయాను. ఇది ఉందని తెలిసి కూడా నా వాదన వదులుకోలేకపోతున్నాను.

తర్వాతి వేసవి

2021 మార్చి 1 నుంచి 60 దాటినవారికి టీకాలు మొదలుపెట్టారు. ఏడాదిపాటు లెక్కలోంచి తీసి పక్కన పెట్టినవాళ్ళను హఠాత్తుగా వరసలో ముందు నిలబెట్టారు. నేను ఆ నెలలోనే వేయించుకున్నాను. మా వాచ్‌మన్ ఆధార్ ప్రకారం 60 నిండనివారు కాబట్టి, 45 దాటిన అందరికీ ఇవ్వడం మొదలైన ఏప్రిల్ 1 దాకా ఆగవలసి వచ్చింది. ఆ నెలా ఆయనకేమీ కాలేదు, అది అదృష్టమే.

ఆ ఏప్రిల్, మే నెలలు ఎలా గడిచాయో రాయను, చదివేవాళ్ళ ఇళ్ళలోనే ఎన్నో జరిగి ఉంటాయి. మా అయిదో అంతస్తులో 41 ఏళ్ళ అబ్బాయి పోయాడు. గ్రూపులో ఎవరో అలవాటుగా “వయసెంత?” అని అడిగారు, జవాబు వచ్చింది, ఆ తర్వాత సాయంత్రం దాకా ఎవరూ ఏమీ రాయలేదు. ఊరట దొరకనప్పుడు ఆ ప్రశ్న ఎంత పనికిరానిదో ఆ మౌనంలో తెలిసింది. టీకా వేయించుకుని బతికి ఉన్న నాకు మెట్ల మీద ఆ అబ్బాయి తండ్రి ఎదురైతే కళ్ళెత్తి చూడడం కష్టంగా ఉండేది. ఆయనకూ నా వయసే.

ఆ రోజుల్లోనే నాగపూర్‌లో 85 ఏళ్ళ పెద్దాయన ఒకరు తన ఆసుపత్రి పడకను వయసులో ఉన్న మనిషికి వదిలి ఇంటికి వెళ్ళి మరణించారన్న కథ దేశమంతా తిరిగింది. అందులో ఎంత నిజముందన్న దాని మీద వాదోపవాదాలు జరిగాయి. నిజమే అయితే ఆయనకు నమస్కారం. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ కథ కాదు, దాన్ని నాకు పంపించినవాళ్ళ సంఖ్య. ఒక్క రోజులో పదకొండు మంది పంపారు, అందులో తొమ్మిది మంది నా కంటే చిన్నవాళ్ళు. పెద్దవాళ్ళ గొప్పతనం గురించి అంత ఇష్టంగా ఏ కథా అంతమంది నాకు అంతకు ముందు పంపలేదు. పడక ఇవ్వాలని నాకు అనిపిస్తే అది నేను ఇచ్చినట్టు. ఇస్తాడేమోనని నలుగురూ నా వైపు చూస్తూ ఉంటే, అప్పుడు ఇచ్చినా అది నాది కాదు.

2022 ఆగస్టులో 57 దాటినవారికి పింఛను ఇవ్వడం మొదలయ్యాక మా వాచ్‌మన్‌కు ఊళ్ళో పింఛను మంజూరయింది. 75 ఏళ్ళ వయసులో, 59 ఏళ్ళవాడిగా. వెళ్ళే రోజున పైకి వచ్చి చెప్పి వెళ్ళారు. మా ఆవిడ సీసాలో ఆవకాయ పెట్టి ఇచ్చింది.

పోయిన నెల గ్రూపులో నేను టైపు చేసిన అంకె 78. అది పంపి ఉంటే, “చిన్న వయసే పాపం” అన్నవాళ్ళు ఏం రాసేవారో నాకు తెలుసు, వాళ్ళ స్థానంలో నేనైనా అదే రాస్తాను. “చెప్పకుర్రి సార్” అన్న మాటకు ఆయన గడువు పెట్టలేదు. తుడిచేసి, కార్యదర్శి పెట్టిన 62 కింద నేనూ చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాను. ఆ సాయంత్రానికి ఆయన కుటుంబానికని గ్రూపులో చందాలు వసూలు చేయడం మొదలుపెట్టారు.